అక్క కాలిలో నారిపురుగు

నేను హైదరాబాదుకు పోయి సర్కారు విశ్వవిద్యాలయంలో చదివింది ప్రజారోగ్యం. చదువంతా ఉర్దూలో. గద్వాలలో మా ఇంటికి వచ్చినవాళ్లు ఏం చదువుతున్నావని అడిగితే పుస్తకం అట్ట మీద ఉన్న పేరే చెప్పేవాణ్ణి, హిఫ్జానె సెహత్ అని. ఒక్కరికీ అర్థమయ్యేది కాదు. రోగం వచ్చాక మందిచ్చే చదువు కాదు, రోగం రాకుండా చూసే చదువని విడమరిచి చెబితే, మా మేనమామ నవ్వి, రాని రోగానికి జీతం ఎవడిస్తాడురా అన్నాడు. అప్పుడు నాకు ఒళ్లు మండింది.

చివరి ఏడు ఎండాకాలం సెలవులకు ముందు మా ప్రొఫెసర్ సాబ్ పిలిపించాడు. నువ్వు పాలమూరు వైపు వాడివి కదా, మీ దిక్కు నారిపురుగు ఇంటింటా ఉంటుంది, తెగకుండా నిండు పురుగునొకదాన్ని స్పిరిట్ సీసాలో వేసి తీసుకురా అన్నాడు. మా కాలేజీ బీరువాలో ఉన్నవన్నీ తునకలే. నిండుది తెస్తే సర్కారు నౌకరీకి నీ పేరు నేనే సిఫారసు చేస్తానని కూడా అన్నాడు. ఆయన మాటంటే మాటే. పరీక్షలు దగ్గరపడ్డాయని ఆ ఏడు సెలవు పన్నెండు రోజులే.

ఆ పురుగును ఎరగనివాళ్లు అదృష్టవంతులు. దిగుడుబావిలో కాళ్లు ముంచి నీళ్లు ముంచుకునే ఊళ్లలో అది నీళ్లతో పాటు కంటికి కనిపించకుండా కడుపులోకి పోతుంది. ఏడాది తిరిగి ఎండలు ముదిరేసరికి కాలి మీద బొబ్బ లేచి పగిలి, తెల్లని దారం కొస ఒకటి బయటికి వస్తుంది. మొత్తం రెండు మూరల పొడవుంటుంది. దాన్ని చీపురుపుల్లకు చుట్టి, రోజుకు ఇంత అని మెల్లగా బయటికి తీయాలి. మధ్యలో తెగితే లోపలి ముక్క కుళ్లి కాలు పోతుంది. ఒక్కోసారి మనిషే పోతాడు.

నేను గద్వాల చేరేసరికి వీపనగండ్ల నుంచి కబురు వచ్చి ఉంది. అక్కకు చీలమండ దగ్గర నారి లేచిందట. వినగానే నాకు గుర్తొచ్చింది అక్క కాదు, సీసా. ఇప్పుడు దాచి చేసేదేముంది. మర్నాడే పుట్టి ఎక్కి కృష్ణ దాటి, నడిచి, పొద్దుగూకే వేళకు అక్క వాళ్లింట్లో ఉన్నాను.

అక్క అత్తగారిది మెట్ట సేద్యం. ఆ ఊళ్లో ఎవరికి నారి లేచినా చుట్టేది వీధి చివర ఉండే ముసలి తురకావిడ. ఊరంతా ఆమెను బూబమ్మ అనేవాళ్లు. పొద్దున్నే వచ్చి, అక్క కాలి మీద చెంబుతో చన్నీళ్లు పోసి, కూర్చుని, తన మోకాళ్ల నొప్పుల గురించి మాట్లాడి, ఎప్పటికో పుల్లను అర చుట్టు తిప్పేది. పురుగు రవ్వంత బిగిసినా చెయ్యి తీసేసేది. కొన్ని రోజులు అసలు ముట్టుకునేదే కాదు. చూసి, ఈ రోజు రాదని చెప్పి, పుల్లకు గుడ్డ కట్టి వెళ్లిపోయేది. నేను వేళ్లతో కొలిచాను. అప్పటికి జానెడే వచ్చింది. ఆ లెక్కన ఇంకా నెల పడుతుంది.

ఆ లోపల ఇంట్లోవాళ్లకు చదువు చెప్పాను. నీళ్లు గుడ్డతో వడగట్టుకుని తాగండి, నారి ఉన్న కాలు బావిలో పెట్టకండి అన్నాను. అక్క అత్త, చదవేస్తే ఉన్న మతి పోయిందంటే ఇదే కాబోలు అంది. మా బావ నీళ్లు తాగినప్పుడల్లా చెంబు ఎత్తి పట్టుకుని నన్ను చూసి, ఇవి తాగొచ్చునా బామ్మర్దీ అని అడిగేవాడు. అక్క మాత్రం తన పాత చీర చింపి కుండ మూతికి కట్టింది.

నా సెలవులో నాలుగు రోజులు మిగిలాయి. రోజుకు ఇంకొంచెం తిప్పకూడదా అని బూబమ్మను అడిగాను. ఆమె నా వైపు తిరిగి కూడా చూడలేదు.

"పురుగుకు తొందర లేదు బిడ్డా. నీకే ఉన్నది."

నాకు కోపం వచ్చింది. వేలిముద్ర వేసే మనిషి నాకు చెప్పడమేమిటి అనుకున్నాను. నా పుస్తకంలోనూ అదే రాసి ఉంది, మెల్లగా తీయాలని. ఆ పేజీ నాకు కంఠతా వచ్చు.

మర్నాడు మధ్యాహ్నం బావ అయిజకు ఎడ్లు చూడబోయాడు. అత్త పక్కింట్లో ఉంది. గోరువెచ్చని నీళ్లు పెట్టి, నేను చుడతాను, ఎక్కువ వస్తుంది అన్నాను అక్కతో. బూబమ్మ ఏమంటుందో అని కొంచెం వెనకాడింది. ఆమెకేం తెలుసన్నాను. అక్క కాలు చాపింది.

మొదటి చుట్టు మెత్తగా వచ్చింది. రెండోదీ వచ్చింది. మూడో చుట్టులో బిగిసింది. ఇంకొక్క రవ్వ అనుకున్నాను. పుల్ల చేతిలో తేలికైపోయింది. పుండు లోంచి పాలలాంటి చుక్క కారింది. అక్క దాన్నీ నన్నూ చూసింది. నేను గుడ్డతో తుడిచి కట్టు కట్టాను.

సాయంత్రం అత్త వచ్చి చూసి గుండెలు బాదుకుంది. నేను నోరు తెరిచేలోగా అక్క చెప్పేసింది.

"నేనే గుంజుకున్న అత్తా. నిద్రల తెల్వలే."

అత్త అక్కను నానా తిట్లూ తిట్టింది. ఒళ్లు తెలియని నిద్రేమిటంది. నేను అక్కడే గడప పక్కన నిలబడి ఉన్నాను.

మూడో నాటికి కాలు తొడ దాకా వాచింది. ఒళ్లు కాలిపోయే జ్వరం. బండి కట్టి వనపర్తి దవాఖానకు తీసుకుపోయాం. డాక్టరు మూడు చోట్ల కోసి చీము తీశాడు. నన్ను రెండు మాటలు అడిగి, నా జవాబులు విని, బాగా చదివావే అన్నాడు. కాలు ఉంటుంది గానీ మోకాలు ఇక చాపలేదని చెప్పాడు. నా సెలవు అయిపోయింది. అక్కను అక్కడ వదిలి హైదరాబాదు పోయాను, ముక్క ఉన్న సీసా సంచిలో పెట్టుకుని. ప్రొఫెసర్ సాబ్ వెలుతురుకు ఎత్తి చూసి, ఇదీ తునకేనా అని బీరువాలో పెట్టించాడు. ఆ ఏడు పరీక్షలో నారిపురుగు మీద ప్రశ్న వచ్చింది. నేను నాలుగు పేజీలు రాశాను. ఏడుస్తూ రాశానని చెబితే బాగుండేది. ఏడవలేదు. లోపల ఏదో మొద్దుబారింది, అంతే. అది ఎప్పుడు పోతుందా అని కొన్నేళ్లు చూశాను, తర్వాత చూడడం మానేశాను.

నాగర్‌కర్నూలులో నౌకరీ వచ్చింది. ఊరూరా తిరిగి బావులు చూసి కాగితాలు రాసేవాణ్ణి. మూడో ఏడు బావ ఇంకో పెళ్లి చేసుకున్నాడు. పొలంలోకి దిగే మనిషి కావాలి కదా అన్నాడు. ఎవరూ తప్పు పట్టలేదు. కాలు చేజేతులా చెరుపుకున్నది ఆమే కదా అన్నారు.

అప్పుడు పోయాను వీపనగండ్లకు. అక్క వంటింట్లో గోడ పట్టుకుని నిలబడి రొట్టెలు కాలుస్తోంది. బావకు నిజం చెప్పేస్తానన్నాను. ఆమె పెనం మీది రొట్టె తిప్పింది.

"చెప్తె నా కాలు సాగుతదా? ఆమెను ఎల్లగొడతరా? నీ మొగం సూసుడు బంద్ చేస్తరు. ఊకో. కూసొని తిను."

కూర్చుని తిన్నాను. మూడు రొట్టెలు తిన్నాను.

అక్క పోయి చాలా ఏళ్లయింది. బావా లేడు, ఆ రెండో ఆవిడా లేదు. మొన్న ఒక పెళ్లిలో ఆమె మనవలు చెప్పుకుంటుంటే విన్నాను, మా పెద్దవ్వకు నిద్రలో కాలు గుంజుకునే అలవాటుండేదట, అట్లా కుంటిదైందట అని. నవ్వుకుంటూనే చెప్పుకుంటున్నారు. అక్కకు అట్లాంటి అలవాటేమీ లేదు. గుంజింది నేను.