నల్లబడ్డ ఇత్తడి బిళ్ళ

కంగారూల దేశంలోని ట్రుగనీనా ఊళ్ళో గోదాము సూపర్‌వైజర్ ద్వారకానాథ్‌కి ఇంకో పేరుంది: తుపాకుల డాక్టరు. పాత సైనిక రైఫిల్ చేతికిస్తే చాలు. అరిగిన అక్షరాల మీద సుద్దముక్క రుద్ది, అది ఏ ఏడు, ఏ ఫ్యాక్టరీలో తయారైందో, ఏ ముక్క తర్వాత మార్చారో చెప్పేస్తాడు. పాత తుపాకులు సేకరించేవాళ్ళ క్లబ్బులో తెల్లవాళ్ళు కూడా ఆయన మాట కోసం ఆగుతారు. తెనాలి నుంచి చదువుకోడానికి ఇక్కడి క్లేటన్‌కి వచ్చి ఇరవై రెండేళ్ళయింది. ఈ దేశంలో ఆయన సంపాదించుకున్న గొప్పంతా అదే.

అలాంటి మనిషికి అన్నం సహించకుండా చేసినవాడు పాండురంగ. కరీంనగర్ వాడు, బస్సు నడుపుతాడు, తుపాకి లైసెన్సు వచ్చి ఏడాది కూడా కాలేదు. వాడికి ఏదో వేలంలో 1914 నాటి లిత్‌గో ఫ్యాక్టరీ రైఫిల్ దొరికింది. బోల్టు మీద, గొట్టం మీద, ముక్కు కొసన, అన్నిచోట్లా ఒకటే నంబరు, ఏ ముక్కా మార్చలేదన్నమాట! పైగా కర్రపిడి మడమలో ఇత్తడి బిళ్ళ. ఏ దళానికిచ్చారో చెప్పే గుర్తులతో, నూరేళ్ళ నలుపుతో. ద్వారకానాథ్ దగ్గరా 1914దే ఉంది. దాని బోల్టు నంబరు వేరు. బిళ్ళ ఉండాల్సిన చోట ఉత్త బొక్క. పదకొండేళ్ళుగా వెతుకుతున్నాడు పాపం.

"నంబర్లన్నీ కలిసినయా అన్నా?" అని పాండురంగ ఆశగా అడిగాడు.

"ఆఁ, పర్లేదు," అన్నాడు ద్వారకానాథ్. సుద్దముక్క జేబులో వేసుకున్నాడు.

క్లబ్బు ప్రదర్శన దసరా తర్వాతి ఆదివారం. ఆరేళ్ళుగా మొదటి బహుమతి నీలం రిబ్బను ద్వారకానాథ్‌దే. ఈసారి అది ఎవరిదో ఆయనకి ముందే తెలిసిపోయింది.

పండగ ముందురోజు ఫోనొచ్చింది. "అన్నా, రేపు ఆయుధపూజ గదా. బిళ్ళ మస్తు నల్లగున్నది. చింతపండు పెట్టి తోమాల్నా?"

ఆ నలుపే దాని వయసుకి సాక్ష్యం. అక్షరాలు లోతు తక్కువ, తోమితే చెరిగిపోతాయి. వద్దురా అంటే చాలు. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా.

"నీ ఇష్టం తమ్ముడూ. పూజకి శుభ్రంగా ఉంటే మంచిదేగా," అన్నాడు.

ఆదివారం బల్ల మీద ఆ బిళ్ళ పూజచెంబులా తళతళలాడింది. పీచు పెట్టి మరీ తోమాడు మహానుభావుడు. గుర్తులు సగం మాయం. బహుమతులు నిర్ణయించే ముసలాయన తల పట్టుకున్నాడు.

"హూ టోల్డ్ యూ టు పాలిష్ దిస్, మేట్?"

ద్వారకానాథ్ తన రైఫిల్ వైపు తల తిప్పుకున్నాడు. పాండురంగ ఒక్కసారి ఆయన వైపు చూశాడు.

"నోబడీ. మై మిస్టేక్."

రిబ్బను మళ్ళీ ద్వారకానాథ్‌కే వచ్చింది. బయట కారు దగ్గర పాండురంగ ఎదురుపడ్డాడు. "నీ పేరు ఖరాబైతదని జెప్పలే అన్నా," అన్నాడు మెల్లగా, రైఫిల్ పెట్టె డిక్కీలో పెడుతూ.

ద్వారకానాథ్ రిబ్బను జేబులో కుక్కుకున్నాడు. ఇన్నాళ్ళూ వాడి తుపాకి చూసి కుళ్ళుకున్నాడు, ఇప్పుడు వాడి మనసు చూసి కూడా కుళ్ళు పుట్టింది. అలాంటిది తన దగ్గర లేదని సుద్దముక్క అక్కర్లేకుండానే తెలిసింది.