ఫ్రెంచి చట్టంలో మా అక్క

ఫ్రెంచివాళ్ళ ఏలుబడిలోని పుదుచ్చేరిలో నేను లా చదివే రోజుల్లో పక్కపక్క ఇళ్ళవాళ్ళకు వేర్వేరు చట్టాలుండేవి. పెళ్ళి, ఆస్తి విషయాల్లో హిందువులకు కులాచారమే చట్టం. సర్కారు కచేరీలో సంతకం చేసి ఆ ఆచారాన్ని వదులుకున్నవాళ్ళకు మాత్రం ఫ్రెంచివాళ్ళ చట్టం. ఒకసారి వదులుకుంటే మళ్ళీ వెనక్కి రావడం లేదు. భర్త వదులుకుంటే భార్య కూడా వదులుకున్నట్టే. మా దొర మేష్టరు ఈ ముక్క ఎంతో ముచ్చటపడి చెప్పేవాడు. మొదటి ఏడాది నాకూ ముచ్చటగానే ఉండేది.

రెండో ఏడాది మా బావ ఆ సంతకం చేశాడు. సర్కారు ఉద్యోగంలో పైకి రావాలని ఆయన ఆశ. అలా చేసినవాళ్ళందరిలాగే దొరల పేరులాంటి కొత్త ఇంటిపేరు ఒకటి పెట్టుకుని, ఇంటికి వచ్చి అక్కకు చెప్పాడు. అడగలేదు, చెప్పాడంతే. మర్నాడే అక్క ముత్తియాల్‌పేటలోని మా ఇంటికి వచ్చేసింది.

“పెండ్లినాడు ఒగ ఇంటిపేరు ఇడిస్తి. ఇప్పుడు ఇంగొగటి ఇడవల్నా? నన్నొగ మాట అడిగినాడా?” అంది.

మావాళ్ళలో అలిగి పుట్టింటికి వచ్చిన ఆడపిల్ల తనంతట తాను తిరిగి పోదు. మొగుడే ఇద్దరు పెద్దమనుషుల్ని వెంటబెట్టుకుని, తాంబూలం తెచ్చి పిలుచుకుపోవాలి. అంతకుముందే పంపిస్తే పుట్టింటికి తలవంపులు. నాయన అరుగు మీద చాప వేయించి మరీ బావకోసం ఎదురుచూశాడు.

బావ రాలేదు. కోర్టు బంట్రోతు వచ్చాడు. భార్య వెంటనే భర్త ఇంటికి రావాలని నోటీసు. ఆ పాఠం మాకు ఈమధ్యే అయింది. నోటీసు అందాక కూడా రాకపోతే భార్య భర్తను ఘోరంగా అవమానించినట్టు కోర్టు ఎంచవచ్చు, విడాకులూ ఇవ్వవచ్చు.

“నాయనా, అక్కను ఈ పొద్దే పంపించేద్దాం,” అన్నాను.

“తాంబూలం యాడ? పెద్దమనుషులు యాడ? బంట్రోతు వచ్చి పిలిస్తే పోయేదానికి నా కూతురేం దొంగా?”

“అక్కకు ఇప్పుడు మన ఆచారం వర్తించదు నాయనా. బావ సంతకంతోనే పోయింది.”

“వాడు సంతకం పెడితే నా బిడ్డకు ఆచారం పోతాదా? చదవేస్తే ఉన్న మతి పోయిందంట. ఏందిరా నీ చదువు!”

అక్కను బతిమాలాను. “పెద్దలొద్దు, తాంబూలమొద్దు. ఆయనొక్కడే వచ్చి వాకిట్లో నిలబడి రమ్మంటే చాలు, పోతా,” అంది.

ఆ మాట పట్టుకుని బావ దగ్గరికి పరిగెత్తాను. ఆయన కుర్చీలోంచి లేవలేదు.

“చట్టం చదివేవాడివి, నువ్వే ఇట్లా అంటే ఎట్లారా? నోటీసు అందింది గదా?” అన్నాడు. ఆ పూట ఆయన్ని కొట్టాలనిపించింది. మాటకు మాట చెబుదామంటే, చట్టప్రకారం ఆయన అన్నదాంట్లో తప్పు లేదు.

కోర్టులో దుబాసీ అడిగాడు, నోటీసు అందిందా అని. అందిందంది అక్క. మరెందుకు పోలేదన్నాడు. “ఆయన రాలేదు,” అంది. దుబాసీ ఆ రెండు ముక్కలూ ఉన్నదున్నట్టు ఫ్రెంచిలో చెప్పాడు, జడ్జి రాసుకున్నాడు. విడాకులు ఇచ్చేశారు.

ఆ ఏడాది పరీక్షలో మేష్టరు ఆ కేసే ఇచ్చాడు, పేర్లు తీసేసి. ఆచారం ప్రకారం ఎదురుచూశానన్న భార్య వాదన నిలుస్తుందా అని ప్రశ్న. చివరికి నిలవదని రాశాను, కారణాలతో సహా.

ఫలితాలు వచ్చిన రోజు అక్క వంటింట్లో బియ్యం చెరుగుతూ ఉంది. ఆమెకు తెలియకుండా ఈ సంగతి మోయడం నావల్ల కాలేదు.

“పరీక్షలో నీ కేసే అడిగారక్కా.”

చాట ఆగింది. “ఏం రాస్తివి?”

“తప్పు నీదేనని.”

అక్క బియ్యంలోంచి ఒక రాయి ఏరి పారేసింది.

“పాసైతివా?” అంది.