తలుపు లేని విమానం

ఒక ఆదివారం ఉదయం, కొత్తగా కట్టిన ఒక అతిథిగృహం వెనక ఉన్న ఈతకొలనులో, ఆకాశం నుంచి ఒక ఎడమ చెప్పు పడింది. కొలనులోకి అప్పటికింకా ఎవరూ దిగలేదు. చెప్పు కాసేపు తేలి, బోర్లాపడి, మెట్ల దగ్గరికి చేరి ఆగింది. యజమాని దాన్ని తీయించి, ఆరబెట్టించి, కాగితంలో చుట్టించి, దాని సొంతదారుకు ఫోన్ చేశాడు. "రెండోది కూడా వస్తుందేమోనని సాయంత్రం దాకా చూశామండీ" అన్నాడు, చాలా మర్యాదగా.

సొంతదారు, అంటే ఆ అతిథిగృహాన్ని పైనుంచి ఫొటోలు తీయడానికి వెళ్లినావిడ, అప్పటికే ఒంటి చెప్పుతో ఇల్లు చేరింది. "రెండోదేదే?" అని అత్తగారు అడిగితే "పైన పోయిందత్తయ్యా" అంది. అత్తగారు పాపం మేడ మీదికి వెళ్లి వెతికొచ్చారు.

ఊళ్లో ఫొటోగ్రాఫర్లందరూ ఆవిడను గద్దమ్మ అంటారు. ఎదురుగానే అంటారు. ఆవిడ అదేదో బిరుదైనట్టు తలాడిస్తుంది. ఆ ఆదివారం తర్వాత గద్దమ్మ చెప్పులు మానేసి బూట్లకు మారింది. కెమెరాకు తాడు, కళ్లద్దాలకు తాడు, జుట్టుకు గుడ్డ, జేబులు ఖాళీ. ఎందుకంటే ఆవిడ కూర్చునే వైపు విమానానికి తలుపు ఉండదు. అద్దంలోంచి తీస్తే ఫొటో మసకేస్తుందని, బయల్దేరే ముందు తలుపు విప్పి షెడ్డు గోడకు ఆనించి వెళతారు. నడుముకు బెల్టు బిగించుకుని, సగం ఒళ్లు గాలిలోకి పెట్టి, కింద కదిలిపోతున్న ఇళ్లనూ పొలాలనూ వంతెనలనూ తీయడమే ఆవిడ ఉద్యోగం.

మొదట్లో ఆవిడ ఒక స్టూడియోలో పాస్‌పోర్టు ఫొటోలు తీసేది. ఎదురుగా బిగుసుకుపోయి కూర్చున్న మొహాలను చూస్తే ఆవిడకు కాళ్లలో చీమలు పాకేవి. "కదలకండి" అని వాళ్లకు చెబుతూ తను మాత్రం కుర్చీ చుట్టూ తిరిగేది. ఒకసారి ఎవరో కొత్త ఫ్యాక్టరీ ఫొటో అడిగారు. ఎంత వెనక్కి జరిగినా ఫ్యాక్టరీ కెమెరాలో పట్టలేదు. పక్కనున్న నీళ్ల ట్యాంకు ఎక్కింది. ఫొటో తీయడం అయిపోయింది గానీ ఆవిడ దిగలేదు.

"ఏమ్మా, దిగడానికి భయమా?" అని కింద నుంచి స్టూడియో యజమాని అరిచాడు.

"భయమేం లేదండీ. దిగబుద్ధి కావట్లేదు!"

ఆ మాట ఊరంతా పాకి, చివరికి విమానాలు నడపడం నేర్పే ఒక పెద్దమనిషి చెవిన పడింది. ఆయనకు సొంతంగా ఒక పాత చిన్న విమానం ఉంది. అప్పటినుంచి ఆయన ఆవిడకు కెప్టెన్ గారు, ఆవిడ ఆయనకు అమ్మాయి. ఆ అమ్మాయికి ఇప్పుడు యాభై దాటాయి.

ఇంజిను హోరులో మాటలు సరిగ్గా వినపడవు కాబట్టి ఆవిడ కెప్టెన్ గారి భుజం తడుతుంది. ఒకసారి తడితే రెక్క వంచమని, రెండుసార్లు తడితే మళ్లీ ఒక చుట్టు తిరగమని. ఈ అలవాటు ఇంటిదాకా వచ్చింది. భర్త మందుల షాపు నడుపుతాడు, నిదానస్తుడు. స్కూటరు మీద వెనక కూర్చుని ఆయన భుజాన్ని టపటపా తడుతుంటే ఒకనాడు ఆయన బండి ఆపేశాడు.

"నేనేం విమానాన్నటే? ఎటు తిరగాలో నోటితో చెప్పు."

"నోటితో చెబితే మీకెప్పుడు వినపడింది కనక?"

అయినా ఆవిడకు దారి తెలిస్తేగా చెప్పడానికి! ఊరంతా పైనుంచి కొట్టిన పిండి. నేల మీద నిలబెడితే సొంత వీధి మలుపు కూడా అనుమానమే. ఆడపడుచు కొత్తింటికి మారినప్పుడు "నాకు తెలుసులే, ఎర్ర పెంకుల పక్కన ఆకుపచ్చ రేకు" అని ఒక్కతే బయల్దేరింది. వీధిలోంచి చూస్తే పెంకులూ కనపడవు, రేకూ కనపడదు. ఏదో ఇంట్లోకి ధీమాగా వెళ్లి, సోఫాలో కూర్చుని, ఇచ్చిన టీ తాగింది. ఆ ఇంటివాళ్లు మర్యాదస్తులు. కర్టెన్ల రంగు బాగాలేదని ఆవిడ చెప్పేదాకా ఊరుకున్నారు.

ఇంట్లో ఫొటోలు తీయమంటే బీరువా ఎక్కుతుంది. ఆల్బమ్ తిరగేస్తే అందరి పాపిళ్లే. "నా బట్టతల ఎంత పెరిగిందో లెక్క చూసుకోవడానికి పనికొస్తాయి" అని భర్త సర్దుకున్నాడు. అత్తగారు మాత్రం సర్దుకోలేదు.

ఇలా సాగుతుండగా ఈ ఏడాది వానల్లో గద్దమ్మకు నిజంగా గడ్డుకాలం వచ్చింది.

ఊరి బయట ఒక నిర్మాణ కంపెనీ పెద్ద బస్సు స్టేషను కడుతోంది. దానికి ఆర్కిటెక్టు గీసిన కప్పు, మడతలు మడతలుగా, తెల్లగా ఉంటుంది. "మేడమ్, నా కప్పు మడిచి విప్పిన కాగితంలా కనబడాలి. ఒక్క మరక ఉండకూడదు" అన్నాడాయన. "మరక లేకుండానే తీస్తానండీ" అని ఈవిడ మాటిచ్చేసింది. ఆ మడతలు కనబడాలంటే పొద్దుటి ఏటవాలు ఎండ పడాలి. మబ్బులో ఆ కప్పు ఉత్త తెల్ల మచ్చ. మబ్బేమో వారంగా కదలడం లేదు.

కంపెనీ మేనేజరు ఫోన్ చేశాడు. "మేడమ్, ప్రారంభోత్సవం పుస్తకం శనివారం ప్రెస్సుకి వెళ్తుంది. ఈలోగా ఇవ్వకపోతే డ్రోన్ వాళ్లతో ఏదో ఒకటి తీయించేస్తాం. ఇక వచ్చే ఏడాది పనులు కూడా వాళ్లకే."

గద్దమ్మ డ్రోన్ ఎరగనిది కాదు. ఒకసారి ప్రయత్నించింది. ఎగిరేది అది, మెడ నొప్పెట్టేలా కింద నిలబడేది తను. గంటలో తిరిగిచ్చేసింది.

అదే సాయంత్రం కెప్టెన్ గారు కూడా గొణిగారు. "ఈ కంపెనీ పని ఉంటే ఇంకో ఏడాది నడుపుతానమ్మాయ్. లేకపోతే అమ్మేస్తాను. కొనేవాడు వచ్చి చూసి కూడా పోయాడు."

అంటే ఆ ఒక్క ఫొటో రాకపోతే ఇక జన్మకు నేల మీదే.

ఆ వారం ఆ ఇంట్లో ఎవరికీ నిద్రా తిండీ సరిగ్గా లేవు. గద్దమ్మ బాల్కనీలోకి వెళ్లడం, రావడం, మళ్లీ వెళ్లడం. మందుల షాపుకు పోయి, స్టూలెక్కి, పై అరలో సీసాలన్నీ సర్దింది. దగ్గు మందు ఎక్కడుందో భర్తకు రెండు రోజులు దొరకలేదు. కూర్చుంటే మోకాలు ఆడుతుంది, మోకాలు ఆడితే బల్ల ఆడుతుంది, బల్ల ఆడితే అత్తగారి టీ ఒలుకుతుంది.

"ఆకాశాన్ని అట్లా గుడ్లురిమి చూడకే. జడుసుకుని ఇంకాస్త ఏడుస్తోంది" అన్నారు అత్తగారు.

శుక్రవారం తెల్లారుతుండగా ఫోన్ మోగింది. "అమ్మాయ్, తూర్పున చిరుగు పడింది. రా."

గద్దమ్మ జుట్టుకు గుడ్డ కట్టుకుంటూనే పరుగెత్తింది. పైకి లేచేసరికి చిరుగు పెద్దదైంది. ఎండ తీరిగ్గా పొలాల మీదా, కాలవ మీదా, చివరికి బస్సు స్టేషను మీదా పడింది. మడతలు ఒక్కొక్కటీ లేచి నిలబడ్డాయి. ఆవిడ కెమెరా కంటికి ఆనించుకుని, వెంటనే దించేసింది.

కప్పు మీద బట్టలు.

ఒకటీ అరా కాదు. అక్కడే గుడిసెల్లో ఉంటున్న కూలీల చొక్కాలు, చీరలు, దుప్పట్లు, పిల్లల గౌన్లు, ఎర్రవీ పసుపువీ నీలంవీ, ఈ చివర్నుంచి ఆ చివరికి మడత మడతకీ పరిచేసి ఉన్నాయి. ఇద్దరు ఆడవాళ్లు ఇంకో దుప్పటి చెరో కొసా పట్టుకుని పిండుతున్నారు.

"ఇదేంటమ్మాయ్!" హోరును మించి అరిచారు కెప్టెన్ గారు. "దిగి చెప్పి, తీయించి, మళ్లీ వద్దామా?"

ఆవిడ పడమరకు చూసింది. నల్లటి మబ్బు వరసకట్టి వస్తోంది. దిగితే ఇక ఎండ లేదు, ఫొటో లేదు, విమానమూ లేదు. తీస్తే ఇచ్చిన మాట లేదు. కింద దుప్పటి పిండుతున్న మనిషి కళ్ల మీద చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూసి, ఈ విమానంతో మాకేం పని అన్నట్టు మళ్లీ పిండుకోసాగింది.

గద్దమ్మ కెప్టెన్ గారి భుజం ఒకసారి తట్టింది. రెక్క వంగింది. తర్వాత రెండుసార్లు, మళ్లీ రెండుసార్లు. మబ్బు వచ్చి మూసేసేదాకా తడుతూనే ఉంది.

"కంప్యూటర్లో తుడిచేయకూడదటే?" అన్నాడు భర్త, ఆ సాయంత్రం ఫొటోలు చూసి.

తుడిచి చూసింది. బట్టలు పోగానే కప్పు కాస్తా జేబురుమాలంత అయిపోయింది. ఎంత పెద్దదో చెప్పే ఆధారం లేదు. తుడిచినదాన్ని పారేసి, తీసినదాన్ని తీసినట్టే సంచిలో పెట్టుకుని, రాత్రంతా పక్క మీద అటూ ఇటూ దొర్లింది.

మర్నాడు కంపెనీ ఆఫీసులో ఫొటో బల్ల మీద పెట్టగానే ఆర్కిటెక్టు మొహం మాడిపోయింది. మేనేజరు డ్రోన్ వాళ్ల నంబరు వెతకడం మొదలెట్టాడు. కంపెనీ పెద్దాయన మాత్రం కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, ఫొటో మీద దాదాపు పడుకున్నాడు. బియ్యపు గింజంత ఉన్న ఒక మనిషి మీద వేలు పెట్టాడు.

"ఇది మనిషా?"

"మనిషేనండీ. దుప్పటి పిండుతోంది."

"అయితే ఈ కప్పు ఇంత పెద్దదా! కట్టించింది నేనే గానీ, ఇప్పటిదాకా నాకే తెలీదయ్యా." ఆయన మేనేజరు వైపు తిరిగాడు. "ఇదే వెయ్యండి. వచ్చే ఏడాది కూడా ఈవిడే."

గద్దమ్మ మోకాలు ఆ వారంలో మొదటిసారి ఆగింది. కెప్టెన్ గారికి చెప్పాలని ఫోన్ తీసి మెట్ల దాకా వెళ్లిందో లేదో, వెనకనుంచి ఆర్కిటెక్టు రొప్పుకుంటూ వచ్చాడు.

"పెద్దాయన సరే మేడమ్, నాకేం చెబుతారు? మరక లేకుండా తీస్తానన్నారు. ఏళ్ల తరబడి గీసుకున్న కప్పు! దాని నడినెత్తిన ఆ ఎర్ర చొక్కా ఏంటండీ?"

"వారం తర్వాత ఎండొచ్చిందండీ, మరి వాళ్లు మాత్రం ఎప్పుడు ఆరేసుకుంటారు?"