కొట్టులో పడుకుని చూసిన చాప

మా ఆయన పోయాక మిరపకాయల కళ్లంలో కాపలా పడుకోవడం నా వంతైంది. యూరియా సంచులు పరుచుకున్నా నేల చలి నడుముకెక్కేది. నరసరావుపేటలో ఓ పరుపుల కొట్టుకెళ్లాను. దూది పరుపు మంచుకు తడుస్తుంది. వెండి రేకు అంటించిన ఫోమ్ చాప చవకే, కానీ పల్చన. నమ్మకం కుదరక అక్కడే గచ్చు మీద పరిచి పడుకున్నాను. వీపుకు చలి తగల్లేదు.

అప్పుడే మా ఆయన అన్న లోపలికొచ్చాడు.

"మొగుడు పోయి ఏడాది తిరగలా, బజార్లో పడుకుంటన్నావేందమ్మే? మా పరువేం గాను?"

కొట్టంతా నవ్వింది. సిగ్గుతో చచ్చిపోయాను. అయినా లేవకుండానే అన్నాను.

"నువ్వొక్క రేత్రి కళ్లం కాపలాకొస్తే నాకీ చాపెందుకు బావా?"

గిరుక్కున తిరిగి కొట్టు దిగి వెళ్లిపోయాడు.

కొన్న చాప కళ్లంలో నేల చలిని బాగానే ఆపింది. కాయలు అమ్మేదాకా బావ అటు రాలేదు. కొట్టులో గుర్తొచ్చిన పరువు, తమ్ముడి పెళ్లాం చలిలో ఒంటరిగా పడుకుంటే గుర్తురాలేదు.