ఎంత తోమినా పోని గార

మా ఇంట్లో పొద్దు తిట్లతోనే మొదలయ్యేది. బోరు తొట్టి దగ్గర నేను వేపపుల్ల నోట్లో పెట్టుకుని కూర్చుంటే, నాయన వచ్చి నా గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పేవాడు. "ఏమ్మే, ఇవి పండ్లేనా? బాగా తోముకోమంటే నీకేం నొప్పి?" అనేవాడు. ఆయన పళ్లు తెల్లగా, ఒక్కటి కూడా వంకర లేకుండా ఉండేవి. నా ముందుపళ్ల మీద గోధుమరంగు చారలు అడ్డంగా ఉండేవి, పక్కపళ్ల మీద సూదితో పొడిచినట్టు గుంటలు. దాన్ని మా ఊళ్లో గార అనేవాళ్లు. గార పట్టిందంటే ఆ మనిషికి శుభ్రం లేదని అర్థం. అంటే తప్పు నాదే.

ఆ తప్పు వదిలించుకోడానికి నేను చేయని పని లేదు. ముందు పొయ్యిలో బూడిద. తర్వాత బూడిదలో ఉప్పు. అదీ కాదంటే బొగ్గు. ఎవరో చెప్పారని ఇటుకముక్క నూరి, గుడ్డలో జల్లించి, ఆ పొడితో చిగుళ్లు చీలిపోయేదాకా రుద్దాను. ఉమ్మితే ఎర్రగా పడేది. చింతపండులో ఉప్పు కలిపి రుద్దితే చెంబులే మెరుస్తాయి, పళ్లు మెరవవా అంది మా అవ్వ. ఆమె మాట విని రుద్దుకుంటే పళ్లు పులిసిపోయి కొన్నాళ్లు సంగటి తప్ప ఏమీ తినలేకపోయాను. చల్లనీళ్లు తగిలితే జివ్వుమని నెత్తికెక్కేది. అప్పుడు అమ్మ లవంగం నలిపి పంటి మీద పెట్టేది, గోరువెచ్చని ఉప్పునీళ్లు పుక్కిలించమనేది. నొప్పి తగ్గిందో లేదో, మళ్లీ ఇటుకపొడి. చార మాత్రం వెంట్రుకంత కూడా చెదరలేదు.

అమ్మ పుట్టిల్లు కణేకల్ దిక్కు, కాలువ నీళ్లు తాగే ఊరు. అక్కడ మా మామ పిల్లలు పొద్దున్నే వేలితో అటూ ఇటూ రుద్ది, పుక్కిలించి పారిపోయేవాళ్లు. వాళ్ల పళ్లు మాత్రం జొన్నగింజల్లా తెల్లగా ఉండేవి! నాకు ఒళ్లు మండిపోయేది. ఒకసారి అందరూ అన్నాలకు కూర్చున్నప్పుడు నేను దేనికో పెద్దగా నవ్వాను. మా అత్త వడ్డిస్తూ ఆగి, "మీ ఊర్లో పిల్లోళ్లు పండ్లు తోముకోరా ఏంది?" అంది. అందరూ నవ్వారు. అమ్మ కూడా నవ్వింది, ఏం చేస్తుంది పాపం. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ రోజు నుంచి నేను చెయ్యి అడ్డం పెట్టుకునే నవ్వుతాను. ఇప్పటికీ అంతే.

నేను పుట్టకముందు మా ఊరి బావులన్నీ ఎండిపోయాయి. ఎవరు బోరు వేసినా దుమ్మే లేచిందట. నాయన వేసిన బోరులో నీళ్లు పడ్డాయి. మా వీధంతా ఆ నీళ్లే తాగేది. వానలు రాని ప్రతి ఏడూ, అంటే దాదాపు ప్రతి ఏడూ, నాయన మీసం మీద చెయ్యి వేసుకుని "పాతాళంలో నుంచి గంగను తెచ్చినా నేను" అనేవాడు. మా ఇంట్లో దేవుడి తర్వాత ఆ బోరే.

తొంభైల చివర్లో, నేను ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు, అనంతపురం నుంచి ఒక పళ్ల డాక్టరమ్మ మా బడికి వచ్చింది. నా వంతు వచ్చేసరికి నోరు తెరవనని మొండికేశాను. ఆమె తిట్టలేదు. మెల్లగా నోరు తెరిపించి, చిన్న అద్దం పెట్టి చూసి, "దేంతో తోముతున్నావమ్మా? పళ్లు అరిగిపోతున్నాయి" అంది. ఇటుకపొడి అన్నాను. "ఇది గార కాదు. మీరు తాగే నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. చిన్నప్పటి నుంచి ఆ నీళ్లు తాగితే ఇలా అవుతుంది. ఎంత తోమినా పోదు. ఇంట్లో చిన్నపిల్లలుంటే వాళ్లకైనా వేరే నీళ్లు పట్టండి" అంది.

అన్నేళ్లు తిట్లు తిన్నాను, అన్నేళ్లు నెత్తురు ఉమ్మాను. అంతా దేనికోసం? బడి వెనక గోడ దగ్గరికి పోయి ఏడ్చాను. దుఃఖం కాదది, కోపం.

ఇంట్లో నాకొక చెల్లెలుంది. అప్పటికి దానికి ఆరో ఏడు. పాలపళ్లు తెల్లగానే ఉన్నాయి, ముందుపన్ను ఒకటి కదులుతోంది. నావి ఎటూ పోయాయి, దానివైనా మిగిలితే చాలనుకున్నాను. ఇంటికి పోగానే నాయనకు చెప్పాను.

"నా బోరుకే వంక పెడతాండావా?" అని కళ్లెర్ర చేశాడు.

"నీళ్లకు పండ్లు పాడయ్యేది యాడన్నా ఉండాదా?" అని అవ్వ వంత పాడింది.

నేను వదల్లేదు. "నాయనా, మన వీధిలోనే చూడు. బోరు పడకముందు పెద్దయినోళ్ల పండ్లు తెల్లగుండాయి. నీవీ, అవ్వవీ, అమ్మవీ. బోరు పడినాక పుట్టినోళ్లలో ఒక్కరివన్నా తెల్లగుండాయేమో చూపీ" అన్నాను. నాయన లేచి వీధిలోకి పోయాడు.

రెండు మూడు రోజులకు సైకిల్‌కు రెండు క్యాన్లు కట్టుకుని అత్తగారి ఊరికి పోయాడు. పండగలకు పోయి మంచం మీద కూర్చుని మర్యాదలు చేయించుకునే మనిషి, కొళాయి దగ్గర ఆడవాళ్ల వెనక క్యాన్లు పట్టుకుని నిలబడ్డాడు. "ఏం బావా, నీ గంగ ఎండిపాయనా?" అన్నాడట మా మామ. ఆ మాట అమ్మకు చెప్పి, అన్నం ముందు నుంచి లేచిపోయాడు. అయినా పోవడం మానలేదు. ఎండలో అంతదూరం తొక్కి తెచ్చిన నీళ్లు చెల్లెలికి వేరే కుండలో పోసేవాళ్లు. దాంట్లో మేమెవరం చెయ్యి పెట్టకూడదు. ఆ కుండను చూస్తే నాకు సంతోషంగానే ఉండేది, కడుపు మంట కూడా ఉండేది. నాకెవరూ అట్లా మోయలేదు కదా!

చెల్లెలి పన్ను ఊడింది. అమ్మ దాన్ని పేడలో పెట్టి మిద్దె మీదికి విసిరింది. కొన్నాళ్లకు చిగురు మీద కొత్తపన్ను అంచు కనిపించింది. తెల్లగా ఉంది! సుద్దముక్కంత తెలుపు. నాయన చెల్లెల్ని భుజాన ఎక్కించుకుని వీధంతా తిప్పాడు. "నోరు తెరువు తల్లీ, పెద్దనాయనకు చూపీ" అని ఎదురైన ప్రతివాడికీ చూపించాడు. ఇంటికొచ్చాక నా తల మీద చెయ్యి వేసి, "నువ్వు చెప్పిందే నిజం పాపా" అన్నాడు. నేను పొంగిపోయాను.

ఆ తెలుపు కొన్ని నెలలే. పంటి మీద పసుపు పూసినట్టు ఒక గీత తేలింది. శనక్కాయ విత్తే కాలానికి గోధుమరంగుకు తిరిగింది. పక్కనే వచ్చిన పన్నుకూ అదే గీత. చాలా ఏళ్ల తర్వాత అనంతపురంలో ఒక పళ్ల డాక్టరు నాకు సంగతి విడమరిచి చెప్పాడు. పన్ను బయటికి రావడానికి ఏళ్ల ముందే చిగురు లోపల తయారవుతుందట. సుద్దలాంటి ఆ తెలుపు కూడా జబ్బేనట, రంగు తర్వాత పడుతుందట. నాయన సైకిల్ ఎక్కేనాటికే ఆ పళ్లు చెడిపోయి ఉన్నాయి. మేము సంబరపడింది జబ్బును చూసి.

కానీ అప్పుడు ఎవరికి తెలుసు? ఒక పొద్దున నాయన తొట్టి దగ్గర చెల్లెలి గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పాడు. చాలాసేపు చూశాడు. చెంప ఛెళ్లుమంది.

"ఇంత దూరం నుంచి నీళ్లు మోసి పోస్తే, తోముకోక నాశనం చేసుకుంటివి గదే!"

అది ఏడవలేదు. రెండు చేతులతో నోరు మూసుకుంది.

నాకు ఏం పూనిందో తెలీదు. మధ్యలోకి పోయాను. "దాన్నెందుకు కొడతాండావు నాయనా? అది తోముకోలేదనా? నేను తోముకోలేదనా? నీ బోరు నాయనా! నా పండ్లు తినింది నీ బోరే, దాని పండ్లు తినింది నీ బోరే!" అని వీధి వినేటట్టు అరిచాను.

కొడతాడనుకున్నాను. కొట్టలేదు. తొట్టి గట్టు మీద కూలబడ్డాడు. "ఆ బోరు పడకపోయింటే ఈ ఇంట్లో ఎవురూ మిగిలిండేవాళ్లు కాదు. ఆ యేడు ఊరిడిసి పోయినోళ్లు ఇంగ రాలేదు" అన్నాడు. తర్వాత నా మొహంలోకి చూసి, "ఇంగ మీకు నేను ఏం నీళ్లు తాపల్లమ్మా? చెప్పు. ఏం తాపల్ల?" అన్నాడు.

ఆయన చెప్పింది నిజం, నేను అరిచిందీ నిజం. ఎవరి మీద కోప్పడాలో ఈ రోజుకూ తెలీదు, కోపం మాత్రం పోలేదు.

మరుసటి రోజు నాయన సైకిల్‌కు క్యాన్లు కట్టలేదు. మధ్యాహ్నం చెల్లెలు ఎండలో ఆడుకుని వచ్చి తన కుండ మూత తీసి చూసింది. అడుగున చుక్క లేదు. మా కుండలో చెంబు ముంచుకుని గటగటా తాగి మళ్లీ ఆటకు పోయింది. అమ్మ చూసింది, అవ్వ చూసింది, నేను చూశాను. ఎవరమూ వద్దనలేదు.