మడమతో గీసిన సున్నలు

మా మామగారు పోయారన్న మాట ఆత్మకూరులో నాకు తెలిసింది. ఉదయగిరి వైపు నుంచి వచ్చిన బండివాడు మా పుట్టింటి వాకిట్లో దిగి, "మీ వియ్యంకుడు నిన్న పొద్దు గూకేటప్పుడు పోయినాడు, అమ్మాయిని పంపమన్నారు" అని మా నాయనతో చెప్పాడు. ముందురోజు సరిగ్గా ఆ వేళకే నేను నీళ్లు చేదుతూ ఎందుకో ఊపిరి తీయడం మరిచిపోయాను. చేద జారి బావిలో పడితేగాని తెలివి రాలేదు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. నేను మాట తక్కువ మనిషిని. నేర్చింది నాలుగేళ్ల చదువు. మామగారి గురించి రాసేవాళ్లు మరెవరూ లేరు గనుక రాస్తున్నాను.

మా అత్తవారి ఊరు ఉదయగిరి కొండ కింద. అక్కడ చెడుగుడు జట్టును నడిపింది మా మామగారే. మోకాలు విరిగినాక ఆయన బరిలోకి దిగలేదు. నడిమి గీత కొసన కాలు చాపుకుని కూచుని ఏడుగురినీ ఆడించేవారు. ఆడవాళ్లం గోడ వెనక నుంచి చూసేవాళ్లం.

వేరే ఊళ్లలో ఒకడు కూతకు పోతే వెనకున్నవాళ్లు కేకలు పెడతారు. మా ఊళ్లో పెట్టరు. పోయినవాడు తిరిగి గీత అందుకునేదాకా ఆరుగురూ ఊపిరి బిగబడతారు. మామగారూ బిగబట్టేవారు. "వానికి ఊపిరి ఎప్పుడు చాలదో మీ గుండెకి తెలియాలరా. అప్పుడు గదా వాని పక్కన ఉన్నట్టు" అనేవారు.

తిట్టడం మాత్రం సొంతవాళ్లనే. గెలిచి వచ్చినవాణ్ణి కూడా "ముసలమ్మ సంతకు పోయినట్టు పోయినావే!" అనేవారు. ఎదుటివాళ్లు పొగడాల, మనోళ్లు తిట్టాల అన్నది ఆయన లెక్క.

కరువులో జట్టులో ముగ్గురు పోయారు. అందులో ఒకరు మా బావగారు, మావారికి అన్న. ఆనాటి నుంచి మావారు పంచలో గోడకానుకుని కూర్చుండిపోయారు. వానలు పడ్డాయి, జొన్న మొలిచింది, ఆయన లేవలేదు. పెట్టిందాంట్లో సగం వదిలేసేవారు. రెండోవాణ్ణి కూడా పోగొట్టుకుంటానేమో అని మా అత్త ఏడ్చేది. మామగారు రోజూ తలుపు అవతల నిలబడి అడిగేవారు.

"అమ్మాయ్, వాడు తిన్నాడా?"

"లేదు మామా."

మరో మాట అనకుండా కుంటుకుంటూ వెళ్లిపోయేవారు.

పంట ఇంటికొచ్చాక వరికుంటపాడు జట్టు ఆటకు వచ్చింది. మామగారు మావారి చెయ్యి పట్టి బరిలోకి లాక్కుపోయారు. కొత్తగా ముగ్గుర్ని చేర్చుకోమని ఊరు చెప్పినా వినలేదు. పోయిన ముగ్గురూ ఎప్పుడూ నిలబడే చోట్ల మడమతో మూడు సున్నలు గీశారు.

"ఏంది పెదనాయనా, సున్నలతో ఆడిస్తావా?" అని వరికుంటపాడు జట్టు పెద్ద నవ్వాడు.

"ఉత్త సున్నలే గదరా. తొక్కు చూద్దాం."

కూతకొచ్చిన ఒక్కడూ తొక్కలేదు. నవ్విన మనిషే సున్న తప్పించుకోబోయి మావాళ్లకు చిక్కాడు.

కడపటి కూత మావారిది. గీత దగ్గర నిలబడి కదల్లేదు.

"నావల్ల కాదు నాయనా. అన్న లేడు."

మామగారు కేక వెయ్యలేదు. "నీ అన్న నీ వెనక ఊపిరి బిగబట్టి ఉండాడు. ఎంతసేపు బిగబట్టిస్తావురా వాణ్ణి?" అన్నారు.

మావారు వెళ్లారు. ఆ ఒక్క గొంతు తప్ప ఊళ్లో ఇంకో చప్పుడు లేదు. నలుగురు మీద పడ్డా పాక్కుంటూ వచ్చి వేలికొసతో గీత అందుకున్నారు. వెనకున్న ముగ్గురూ, మామగారూ ఒక్కసారి ఊపిరి వదిలారు. గోడ వెనక నాకు వినిపించింది నలుగురి ఊపిరి కాదు. ఇంకా ఎక్కువ. గాలి లేదు, కానీ మూడు సున్నల్లోనూ దుమ్ము లేచింది. అత్త నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆ మాట మేమిద్దరం ఇప్పటికీ అనుకోలేదు.

ఆ సాయంత్రం మావారు సంగటి మారు అడిగి తిన్నారు.

"అమ్మాయ్, వాడు తిన్నాడా?"

"తిన్నారు మామా."

"ఆటైతే పాడుగా ఆడినాడు" అని కుంటుకుంటూ వెళ్లిపోయారు.

ఆయన పోయిన తీరు నేను ఊరు చేరాక మావారు చెప్పారు. మూడు రోజుల జ్వరంలో మాట పడిపోయిందట. పొద్దు గూకేవేళ పెదవులు కదిలాయి. వంగి వింటే చెడుగుడు, చెడుగుడు. సన్నగా, తెంపు లేకుండా. మంచం చుట్టూ ఉన్న నలుగురు ఆటగాళ్లూ ఎవరూ చెప్పకుండానే ఊపిరి బిగబట్టారు. కూత ఆగిపోయింది. ఒకరి తర్వాత ఒకరు వదిలేశారు.

"నేను కడదాకా పట్టినాను. వదలక తప్పలేదు" అని మావారు గోడకు ఆనుకున్నారు. అదే పంచ, అదే గోడ.

కర్మలు అయిపోయినా మావారు లేవలేదు. తట్టలో సంగటి ఎండిపోతోంది. తలుపు అవతల నుంచి అడిగే గొంతు లేదు. అంతవరకు ఆయనకు ఎదురు నిలబడి ఒక మాట అనని దాన్ని, ఆ రోజు అన్నాను.

"మామ బిగబట్టి ఉంటారు. ఎంతసేపు బిగబట్టిస్తారు?"

ఆయన నా వైపు చూశారు. కోపమో భయమో తెలియలేదు. లేచి బయటికి నడిచారు.

బరిలో మూడు సున్నలు గీశారు. తర్వాత నడిమి గీత కొసకు పోయి, మామగారు కూచునే చోట నాలుగోది గీశారు. మిగిలిన ముగ్గురూ వచ్చి వెనక నిలబడ్డారు. అవతల పక్క పై వీధి వాళ్లు. మావారు గీత దాటి కూత ఎత్తుకున్నారు.

నేను గోడ వెనక ఊపిరి బిగబట్టాను. పక్కన అత్త కూడా బిగబట్టింది. మావారిని పడగొట్టి పట్టుకున్నారు. చాచిన వేలు గీతకు ఇంకా జానెడు దూరంలో ఉంది, కూత ఆగలేదు. గాలికి బరంతా దుమ్ము రేగుతోంది. నాలుగు సున్నల్లో మాత్రం ఒక్క రేణువు కదలడం లేదు.