మూత తీయని పళ్లెం

రేకు మూత అంచు పట్టుకుని లాగగానే ఆవిరి ముఖానికి కొట్టింది. ఉడికిన బీన్సు వాసన, దాని వెనక కొంచెం జీలకర్ర. విమానంలో భోజనాల బండి ఇంకా కదలనే లేదు. మా ఇద్దరి పళ్లేలు మాత్రం అందరికన్నా ముందే వచ్చేశాయి. చక్కెర జబ్బు వాళ్లకని ముందుగా చెప్పి పెట్టించుకునే శాకాహార భోజనానికి ఎప్పుడూ ముందు మర్యాదే. జబ్బు నాది. పక్కనున్న నా భార్య వసంతకు ఏ జబ్బూ లేదు. ఆమె తన పళ్లెం మూత కొస ఎత్తి చూసి, మళ్లీ మూసేసి, నా వైపు తిరిగింది. ఆ చూపు సంగతి తర్వాత. ముందు రత్నమ్మక్క గురించి చెప్పాలి.

పుంగనూరులో ఎనిమిదో తరగతిని నేను వదిలేశానో, అది నన్ను వదిలేసిందో ఇప్పటికీ తేలలేదు. కొన్నేళ్లు బస్సుల్లో క్లీనరుగా తిరిగాను. మదనపల్లెలో బస్సు ఆగినప్పుడల్లా బస్టాండు వెనక సందులో ఉన్న మెస్సుకు పోయేవాణ్ని. దానికి బోర్డు లేదు. శాకాహారం, అరిటాకు, నేల మీద చాపలు. వండేది, నడిపేది రత్నమ్మక్క. అప్పటికి నాకు ఇరవై దాటాయి, నోటికి మాత్రం నలభై. ఒకరోజు ఆకు ముందు కూర్చుని, "అక్కా, ఈ సాంబారులో ముల్లంగి కావాలంటే ఈత కొట్టాల్సి వస్తాండాది," అన్నాను. వరసంతా నవ్వింది. ఆమె గరిటె ఆపకుండానే, "ఈత రానోడు గట్టు మీద నిలబడి వడ్డించాల. రేపట్నుంచి రా," అంది. మర్నాడు బస్సు నేను లేకుండానే పోయింది.

నాకు అన్నం పెట్టింది అనడం చిన్న మాట. నా నోటికి కళ్లెం వేసింది ఆమే. మొదటి వారంలోనే బక్కగా ఉండే ఒక గుమాస్తాను, మూడోసారి అన్నం అడిగాడని ఏదో అన్నాను. ఆయన ఆకు మడిచేసి లేచిపోయాడు. రత్నమ్మక్క నన్ను వంటింట్లోకి పిలిచింది. కోప్పడలేదు. "సూడు చలపతీ, తినేవాణ్ని నవ్వించు. తినేవాణ్ని జూసి నవ్వొద్దు. ఈ రెంటికీ నడిమిన ఉండాది మన మెస్సు," అంది. నేను చదివిన చదువంతా ఒక వైపు పెడితే, ఆ మాట ఇంకో వైపు పెట్టాలి. మొదటి వైపు ఎలాగూ పెద్ద బరువు ఉండదనుకోండి.

మెస్సుకు ఒక పద్ధతి ఉండేది. వరసలో చివరి ఆకుకు అన్నం పడేదాకా మొదటి ఆకులో చెయ్యి పడకూడదు. ఒకసారి రోడ్డు కాంట్రాక్టరు ఒకాయన ఆగలేక ముద్ద కలిపాడు. రత్నమ్మక్క నెయ్యి గిన్నె పట్టుకుని ఆయన ముందే నిలబడిపోయింది. "సామీ, ఆ మూల పెద్దాయన ఆకు ఇంకా ఖాళీగానే ఉండాది," అంది మెల్లగా. ఆయన కలిపిన ముద్దను ఆకులోనే వదిలి చెయ్యి ఒళ్లో పెట్టుకున్నాడు. ఆ మూల పెద్దాయన టమోటా మండీలో మూటలు మోసే మనిషి.

అందరూ తిన్నాక ఆమె తినేది. అప్పటికి పొద్దు వాలిపోయి ఉండేది. వంటింటి గడపలో నిలబడి, గిన్నె అడుగున అంటుకున్నదేదో గీకి, చల్లటి చారు పోసుకుని తినేది. ఒకరోజు గిన్నె చేతిలో ఉండగానే అంది: "నాకు ఒకటే ఆశరా. ఎవురైనా నన్ను కూసోబెట్టి, అందరికన్నా ముందు, పొగలు కక్కతా ఉండే అన్నం పెడితే తినాలని ఉండాది. ఒక్క పూట."

"నేను పెడతా కూసో అక్కా," అన్నాను.

"నువ్వా? నీ పప్పు ఆకులో కన్నా నేల మీదే ఎక్కువ పడతాది," అని నవ్వింది. అంతలో బయట ఎవరో "అమ్మా, భోజనం ఉండాదా?" అన్నారు. ఆమె గిన్నె పక్కన పెట్టి ఆకు తెచ్చింది. ప్రతిసారీ అంతే. ఆమె ఆశకూ ఆమెకూ మధ్య ఎవరో ఒకరు ఆకలితో వచ్చి నిలబడేవాళ్లు.

రెండువేల సంవత్సరం దాటాక, కుప్పంలో గ్రానైటు వ్యాపారం చేసే ఒక సెట్టిగారు తన కూతురి పెళ్లి ఢిల్లీలో పెట్టుకున్నారు. మదనపల్లె వచ్చినప్పుడల్లా మా మెస్సులోనే తినే మనిషి. మన వంట మన చేత్తోనే ఉండాలని రత్నమ్మక్కకూ, వడ్డనకు నాకూ బెంగుళూరు నుంచి విమానం టికెట్లు తీశారు. అప్పటికి ఆమెకు చక్కెర జబ్బు ముదిరింది, తిండికి ముందు మాత్ర వేసుకోవాలి. టికెట్ల కుర్రాడు ఫోన్లో ఆమెకు చక్కెర జబ్బు శాకాహార భోజనం రాసుకుని, నాక్కూడా అదే చెప్పమంటారా అని అడిగాడు. ఆమె ఫోను లాక్కుంది. "వానికి యాలప్పా ఈ సప్పిడి కూడు? ఉప్పూకారం తినే వయసు. అందరి మాదిరే పెట్టమను." నా మీద ప్రేమతో అన్న ఆ మాటే ఆమెకు అడ్డం పడుతుందని ఆ రోజు ఇద్దరికీ తెలియదు.

విమానం ఎక్కగానే పళ్లెంలో చాక్లెట్లు తెచ్చారు. నేను గుప్పెడు తీసుకుంటే చేతి మీద కొట్టింది. "మానం తీస్తాండావు కదరా." పైకి లేచిన కాసేపటికి ఒకమ్మాయి వచ్చి, పేరు అడిగి, అందరికన్నా ముందు రత్నమ్మక్క ఎదుట పళ్లెం పెట్టింది. మూత పక్కల నుంచి ఆవిరి వస్తోంది. రత్నమ్మక్క దాన్ని చూసింది, నన్ను చూసింది. ఆమె కళ్లలో అలాంటి వెలుగు నేను అంతకు ముందు చూడలేదు.

"అక్కా, నీ మొక్కు తీరింది. కూసోబెట్టినారు, ముందు పెట్టినారు, పొగలు కక్కతాండాది," అన్నాను.

ఆమె మాత్ర వేసుకుని నీళ్లు తాగింది. తర్వాత చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుంది.

"తినక్కా."

"నీకు రానీరా."

"నాది బండిలో వస్తాది. అది ముందు నుంచి రావాల, మనం తోక దగ్గర ఉండాము."

"రానీలే." మెడ సాచి ముందు వరసలన్నీ చూసింది. "ఈ పంక్తి చానా పొడుగుండాదిరా."

"దీనికి కడపటి ఆకు ఢిల్లీలో ఉండాదక్కా," అన్నాను. నవ్వింది కానీ చెయ్యి కదల్లేదు. ఇక్కడ ఆ పద్ధతి లేదన్నాను, చల్లారిపోతుందన్నాను, మాత్ర వేసుకున్నావు కదా అన్నాను. "పక్కన ఖాళీ పెట్టుకోని ముద్ద యాడ దిగుతాదిరా," అంది.

బండి సగం దూరం వచ్చింది. అంతలో విమానం ఊగడం మొదలైంది. బెల్టులు పెట్టుకోమన్నారు, బండిని వెనక్కి తీసుకుపోయారు. చాలాసేపు ఊగింది. అది ఆగేసరికి దిగే సమయం దగ్గర పడింది. ఆ అమ్మాయి హడావిడిగా వచ్చి, మూత కూడా తీయని పళ్లెం చూసి ఇంగ్లీషులో ఏదో అడిగింది. వద్దా అని కాబోలు. రత్నమ్మక్క మర్యాదగా నవ్వి తల ఊపింది. పళ్లెం వెళ్లిపోయింది. నేను నోరు తెరిచేసరికి ఆ అమ్మాయి నాలుగు వరసలు దాటింది. ఊరంతా మాటకారిగా పేరున్నవాణ్ని, ఆ ఒక్కసారి మాట ఆలస్యమైంది.

మాత్ర వేసుకుని ఏమీ తినకపోయేసరికి, దిగేలోపే ఆమెకు చెమటలు పట్టాయి, చేతులు వణికాయి. ఎక్కగానే నా జేబులో వేసుకున్న చాక్లెట్లు ఒక్కొక్కటే విప్పి నోట్లో పెట్టాను. కాసేపటికి తేరుకుని, "నీ దొంగబుద్ధి ఇన్నాళ్లకి ఉపయోగపడిందిరా," అంది.

పెళ్లి వంట అదిరింది. వంటవాళ్లు పెళ్లికి ముందు విమానంలో వెళ్తారు, పెళ్లయ్యాక రైల్లో వస్తారు. రైల్లో కిటికీ పక్కన కూర్చుని ఉన్నట్టుండి అంది: "ఈసారి ఎక్కితే ఎవురికీ కాసుకోను. మూత తీసి తినేస్తా."

"నిజంగానా?"

కాసేపు ఆలోచించింది. "నీకు పడినాక."

మళ్లీ ఎక్కలేదు. మెస్సు ఉన్న ఇల్లు పడగొట్టారు. ఆమె కుప్పంలో చెల్లెలి ఇంటికి చేరింది. నేను పుంగనూరులో టిఫిన్ అంగడి పెట్టుకుని, వీలైనప్పుడల్లా వెళ్లి చూసొచ్చేవాణ్ని. వెళ్లిన ప్రతిసారీ అదే అడిగేది: "ఆ పళ్లెంలో ఏముండిందంటావురా? మూత కూడా తీయలేదు." నేను అందుకునేవాణ్ని. ఒకసారి గుత్తివంకాయ అన్నాను, ఒకసారి నెయ్యి కారే పొంగలి అన్నాను. పూర్ణాలు అన్న రోజున, "సక్కెర జబ్బోళ్లకు పూర్ణాలు యాల పెడతారురా అబద్దాలకోరా," అని దగ్గు వచ్చేదాకా నవ్వింది. ఆ తర్వాత కొన్నాళ్లకే పోయింది. నేను అనుకుని పెట్టుకున్న కూరలు ఇంకా రెండు మిగిలే ఉన్నాయి.

ఆమెకు ముందు పెట్టాలంటే ఒకటే దారి ఉండేది. పక్కనున్నవాడికి కూడా అదే పళ్లెం, అప్పుడే పడాలి. ఎన్నేళ్లో వడ్డన చేసినవాణ్ని, ఇంత చిన్న సంగతి ఆమె పోయాక గానీ తట్టలేదు. మెస్సులో ఆమె పక్కన నా ఆకు కూడా వేసుకుని కూర్చుని ఉంటే చాలు, విమానం దాకా పోవాల్సిన పనే లేదు.

ఆమె దగ్గర నాకు వచ్చిన ఆస్తి ఆ పద్ధతి. చక్కెర జబ్బు మాత్రం నా సొంత సంపాదన. ఇప్పుడు ఎవరితో విమానం ఎక్కినా, టికెట్టు తీసేటప్పుడే ఇద్దరికీ ఒకటే భోజనం చెప్పిస్తాను.

వసంత మూత మీద వేలితో తట్టింది. "నాకు సుగర్ లేదు కదప్పా. ఈ సప్పిడి కూడు నాకు యాల?"

నేను నా పళ్లెంలోకి చూశాను. ఉడికిన బీన్సు, రెండు ముక్కలు క్యారెట్టు, కాస్త అన్నం, నీళ్ల పప్పు. గుత్తివంకాయ లేదు. ఇంతేనక్కా, అనుకున్నాను.

"తిను," అన్నాను వసంతతో. "వేడిగా ఉండాది."